బొడ్డు దగ్గర కెమెరా

బెర్నడెట్ మెక్‌గ్లిన్ తలుపు తీసి మెట్ల మీద కాలు పెట్టిందో లేదో, వీధి వీధంతా సహజంగా ఉండటం మొదలుపెట్టింది.

ఎదురింటి లూథర్ గేన్స్ సిటీ బస్సు నడిపి రిటైరైన పెద్దమనిషి. అప్పటిదాకా తన మెట్ల మీద కూర్చుని చెవిలో వేలు పెట్టి తిప్పుకుంటున్నవాడు చటుక్కున వేలు తీసేసి, గడ్డం కింద చెయ్యి ఆనించి, ఆకాశంలోకి చూస్తూ గాఢమైన ఆలోచనలో పడ్డాడు. పక్కింటి కార్మెలా దిపాల్మా ముత్యాల దండ వేసుకుని, ఎర్ర లిప్‌స్టిక్ పూసుకుని, తడిదుప్పటి ఒకటి తెచ్చి మెట్ల పక్క ఇనుప కమ్మీ మీద ఆరేసింది. జనవరి నెల. దుప్పటి చూస్తుండగానే అప్పడంలా బిగుసుకుపోయింది. గోళ్ళ సెలూన్ నడిపే తుయెత్ ఫాన్ అద్దం వెనకనుంచి చెయ్యి ఊపగానే, లోపల కూర్చున్న ఆడవాళ్ళందరూ ఒకేసారి తలలు వెనక్కి వాల్చి నవ్వారు. మూలమీద హోగీలని పొడుగు రొట్టె శాండ్‌విచ్‌లమ్మే సాల్ ఫెరాంటే, పసిపిల్లంత ప్రొవొలోనే జున్నుముద్దను భుజాన వేసుకుని నడుస్తున్నాడు. మూలనుంచి చర్చిదాకా నడుస్తాడు. చర్చి దగ్గర వెనక్కి తిరిగి మళ్ళీ మూలకి నడుస్తాడు.

బెర్నీకి ఒళ్ళు మండింది.

"ఏం సాల్, ఎక్కడికి తీసుకెళ్తున్నావు ఆ జున్నుని?"

"ఎక్కడికీ లేదు బెర్నీ. ఊరికే గాలికి తిప్పుతున్నా. నువ్వు నన్ను పట్టించుకోకు."

"నిన్నెవరు పట్టించుకున్నారు?"

"అదే నేననేది. నువ్వు చూడకు, నేనూ చూడను," అని సాల్ కాస్త ఎడమవైపు తిరిగాడు. ఆ వైపునుంచి అతని ముక్కు చిన్నదిగా కనిపిస్తుందని వాళ్ళావిడ చెప్పిందట.

బెర్నీ గిరుక్కున వెనక్కి తిరిగి లోపలికెళ్ళి తలుపు ధడాలున వేసుకుంది. కిటికీ తెర సందులోంచి చూస్తే లూథర్ మళ్ళీ చెవిలో వేలు పెట్టుకున్నాడు. కార్మెలా దుప్పటిని కమ్మీ మీదనుంచి తలుపురెక్కలా ఎత్తి చంకన పెట్టుకుని వెళ్ళిపోతోంది. ఎంత చక్కటి ఫొటో! అద్దం ఇవతలనుంచి తీస్తే మాత్రం తన ముక్కూ తెర పూలూ తప్ప ఇంకేమీ పడవు.

దక్షిణ ఫిలడెల్ఫియాలోని ఆ వీధి ఇలా ఉండేది కాదు. బెర్నీ ఆ ఇంట్లోనే పుట్టింది, ఆ ఇంట్లోనే డెబ్బై తొమ్మిదేళ్ళదైంది. వయసులో ఉన్నప్పుడు చర్చి లాటరీలో పంది తొడ గెలుచుకుందామని టికెట్ కొంటే తొడ కార్మెలా వాళ్ళమ్మకి వెళ్ళింది, బెర్నీకి కెమెరా తగిలింది. ఆ రోజు బెర్నీ ఏడ్చింది కూడా. మార్చుకుందామని కార్మెలా వాళ్ళమ్మని అడిగితే, "కెమెరాని ఉడకబెట్టుకుని తినమంటావా?" అని ఆవిడ తలుపేసేసింది. సరే, వచ్చిందాన్ని ఏం చేసుకోవాలో తెలియక మెడకి తగిలించుకుంది. అప్పటినుంచి దించలేదు.

పగలంతా చొక్కాల ఫ్యాక్టరీలో బొత్తాలు కుట్టేది. సాయంత్రం వీధిలోకొచ్చేది. కెమెరాని కంటికి ఆనించదు. బొడ్డు దగ్గర వేలాడేసుకుని, రెండు చేతులూ దాని మీద పెట్టుకుని, భోజనమయ్యాక పొట్ట నిమురుకునేవాళ్ళలా నిలబడుతుంది. ఎటు చూస్తోందో అటు తియ్యదు. ఎటు తీస్తోందో అటు చూడదు. 'టక్' మని చిన్న చప్పుడొస్తుంది, అంతే. ఎవర్నీ అడగదు, ఎవరికీ చెప్పదు. ఒకాయన పెళ్ళి చేసుకోమని ఒంటి మోకాలి మీద కూర్చుని ఉంగరం చూపించినప్పుడు కూడా టక్‌మంది. ఆయన లేచి ప్యాంటు దులుపుకుని వెళ్ళిపోయాడు. మోకాలు మాత్రం ఫొటోలో బ్రహ్మాండంగా వచ్చింది.

మొదట్లో వీధి జనం నానా తిట్లూ తిట్టారు. పనీపాటా లేనిదన్నారు, అందరి కొంపల్లోకీ తొంగిచూసే రకమన్నారు. తరవాత అలవాటు పడ్డారు. ఇంకా తరవాత, మూలమీది నీళ్ళ పంపుని ఎలా పట్టించుకోరో బెర్నీనీ అలాగే పట్టించుకోవడం మానేశారు. అదే ఆమెకి కావలసింది. యాభై ఏళ్ళపాటు ఆమె ఎదుటే పోట్లాడుకున్నారు, ముద్దులు పెట్టుకున్నారు, పళ్ళలో ఇరుక్కున్న మిరపగింజలు తీసుకున్నారు. అన్నీ ఆమె బొడ్డు చూసింది. కడిగిన ఫొటోలు బిస్కెట్ డబ్బాల్లో పెట్టి, డబ్బాలు నిండినప్పుడల్లా కొన్ని సాల్ కొట్లో పడేసేది. సాల్ వాటిని గోడకి తగిలించేవాడు. కళాభిమానంతో కాదు. ఆ గోడకి చెమ్మ.

ఆ చెమ్మ గోడ ముందే కిందటి శరత్కాలంలో థియో ప్రెంటిస్ అనే కుర్రాడు హోగీ కొరకబోయి ఆగిపోయాడు. ఊరి మధ్య పెద్ద గ్యాలరీ అతనిది. రొట్టెలోంచి నూనె కారి బూట్లమీద పడుతున్నా చూసుకోలేదు.

"ఇవి... ఇవి ఎవరు తీశారండీ?"

"ఏవి? చెమ్మ కనపడకుండా పెట్టినవా? పక్క మెట్లమీద ముసలమ్మ."

అంతే, బెర్నీ సుఖం అక్కడితో సరి. పేపర్లో వ్యాసం వచ్చింది, పైన వీధి పేరుతో సహా. ఫలానా తేదీన ప్రదర్శన అన్నారు. వీధి మొత్తానికి తాము గోడలకెక్కబోతున్నామని తెలిసిపోయింది. లూథర్ కుక్కకి కూడా బో టై వచ్చింది.

థియో ప్రదర్శనకంతా సిద్ధం చేసి చివరి గోడ ఒక్కటి ఖాళీగా ఉంచాడు. ఆ గోడ మీద ఇవాళ్టి వీధి ఉండాలన్నాడు. బెర్నీ తీసుకెళ్ళిన కొత్త ఫొటోలు బల్లమీద పరిచి చాలాసేపు తల పక్కకి వంచి చూశాడు.

"మిస్ మెక్‌గ్లిన్, ఏమీ అనుకోకండి. వీళ్ళందరూ ఏదైనా నాటకం వేస్తున్నారా?"

"వేస్తున్నారు."

"ఈయన జున్ను ఎందుకు మోస్తున్నాడు?"

"అడక్కు నాయనా."

"శుక్రవారం పొద్దుటికి ఒక్కటి, ఒక్కటంటే ఒక్కటి, నిజమైంది ఇవ్వండి చాలు. లేకపోతే ఆ గోడకి మీ ఫొటోయే పెట్టేద్దాం. నిలువెత్తుది. మీరు మీ మెట్లమీద నిలబడి చిరునవ్వుతో..."

బెర్నీ కుర్చీలోంచి లేచింది. తన ఫొటో తీస్తారన్న భయం ఒకటి. కానీ అసలు దిగులు అది కాదు. ఇంటికెళ్ళే బస్సులో కూర్చుని తలుచుకుంటే గుండె బరువెక్కింది. ఆ వీధి ముఖాలు తప్ప ఆమె జీవితంలో దాచుకున్నదేమీ లేదు. ఇప్పుడా ముఖాలన్నీ షాపు అద్దంలో బొమ్మల్లా అయిపోయాయి. చివరి గోడ మీద అవే పెడితే ముందు గోడలన్నీ కూడా అబద్ధమేనేమో అనిపిస్తుంది చూసేవాళ్ళకి. ఆమెకే అనిపించడం మొదలైంది.

సోమవారం ఆమె మారువేషం వేసింది. కార్మెలా భర్త పోయినప్పుడు పంచిన ఓవర్‌కోటు తొడుక్కుని, టోపీ కళ్ళమీదకి లాక్కుని, కుంటుతూ వీధి చివరనుంచి వచ్చింది. "గుడ్ మార్నింగ్ బెర్నీ," అన్నారు అందరూ, ఎంతో సహజంగా.

మంగళవారం కెమెరాని రొట్టెల సంచీలో పెట్టి సంచీకి చిల్లు పెట్టింది. ఒక్క గంట పనిచేసిందది. తరవాత ఎవరో కనిపెట్టేశారు. ఆ సాయంత్రం తుయెత్ పాపం నిజంగానే రొట్టె కొనుక్కుని ఇంటికెళ్తుంటే వీధి వీధంతా ఆమెకోసం నటించింది. లూథర్ తత్వవేత్తయ్యాడు. సాల్ జున్ను ఎత్తుకుని ఎదురొచ్చాడు. తుయెత్ భయపడి వెనక్కి పరిగెత్తి సెలూన్లో దూరి తాళం వేసుకుంది.

ఇలా లాభం లేదని బెర్నీ బుధవారం మధ్యాహ్నం అందర్నీ సాల్ కొట్లో పోగుచేసింది.

"చూడండి. మీకు దణ్ణం పెడతాను. సహజంగా ఉండటం మానెయ్యండి."

"మానేసి ఎలా ఉండాలి?" అన్నాడు సాల్.

"ఎలా ఉండేవాళ్ళో అలా!"

"ఎలా ఉండేవాళ్ళం?" అని లూథర్ చుట్టూ చూశాడు. ఎవరికీ గుర్తు రాలేదు. తుయెత్ తన నవ్వుల బృందం ఎంత కష్టపడి నేర్చుకుందో చెప్పింది. అందులో ఒకావిడకి మెడ పట్టేసిందట కూడా.

కార్మెలాకి మాత్రం కోపమొచ్చింది. చేతిసంచీ బల్లమీద కొట్టి లేచింది. "మేం చేసేది ఎవరికోసమే? నీకోసం కాదూ? పట్నంలో పెద్దపెద్దవాళ్ళొచ్చి చూస్తారు, నీ పరువు పోకూడదని కదే ఈ చలిలో దుప్పట్లు ఆరేస్తున్నా! నా నడుం చూడు, ఎలా పట్టేసిందో!"

"నాకోసమా? మీ సోకుల కోసం! ముత్యాలేసుకుని బట్టలు ఆరేస్తారా ఎవరైనా?"

"యాభై ఏళ్ళనుంచి నీ పక్కింట్లో ఉన్నా. నా మంచి ఫొటో ఒక్కటి తీశావా? ప్రతిదాంట్లోనూ నోరు తెరుచుకునే ఉంటాను!"

"నువ్వు నోరు మూసుకుంటే కదే!"

సాల్ మాంసం కోసే మిషన్ ఆపేశాడు. కార్మెలా లిప్‌స్టిక్ పెదాలు రెండూ బిగించి, సంచీ తీసుకుని, ఒక్క మాట కూడా అనకుండా వెళ్ళిపోయింది. కార్మెలా ఒక్క మాట కూడా అనకుండా ఎక్కడినుంచైనా వెళ్ళడం ఆ వీధి చరిత్రలో లేదు. మిగతావాళ్ళు కూడా ఒక్కొక్కరే జారుకున్నారు. అన్న మాట వెనక్కి తీసుకుందామనుకుంది బెర్నీ. కానీ ఆమెకి ఫొటోలు తియ్యడం వచ్చినంత బాగా క్షమాపణ చెప్పడం రాదు.

ఆ రాత్రి మంచు కురిసింది. మోకాళ్ళదాకా.

గురువారం పొద్దున్నే అందరూ పారలు పట్టుకుని దిగారు. ఆ వైపు మంచు పడితే ఇక ఏ చట్టమూ పనిచెయ్యదు, ఒక్కటి తప్ప. నీ కారు పట్టేంత చోటు నువ్వు తవ్వుకుంటే ఆ చోటు నీది. కారు తీసి వెళ్ళేటప్పుడు అందులో ఒక కుర్చీ పెట్టి వెళ్తావు. నువ్వు తిరిగొచ్చేదాకా ఆ కుర్చీని పోలీసువాడు ముట్టడు, ఫాదర్ ముట్టడు, దొంగ కూడా ముట్టడు. ముడితే ఏమవుతుందో ఎవరికీ తెలియదు, ఇంతవరకూ ఎవరూ ముట్టలేదు కనక. కార్మెలా ఇంకో ఆకు ఎక్కువ చదివింది. వంటింటి కుర్చీ తెచ్చి చోటు మధ్యలో వేసి, దానిమీద ముక్కు విరిగిన సెయింట్ ఆంథనీ విగ్రహాన్ని కూర్చోబెట్టి, బట్టలు ఆరేసే తాడుతో కట్టేసింది. తరవాత పడవంత పాత కారుని సందు చివర మెకానిక్ దగ్గర వదిలి, నడిచి ఇంటికొచ్చి, తలుపేసుకుంది. బెర్నీ వైపు కన్నెత్తి కూడా చూడలేదు.

బెర్నీ తెర సందులోంచి కుర్చీని చూసింది. చాలాసేపు చూసింది. అప్పుడొచ్చింది ఆ పాపిష్టి ఆలోచన.

ఈ వీధి జనం కెమెరాని మరిచిపోవాలంటే భూకంపం రావాలి. భూకంపం తన చేతిలో లేదు. కుర్చీ ఉంది.

కోటు వేసుకుంది, కెమెరా మెడకి తగిలించుకుంది. వీధిలో ఎవరూ లేరు, అందరూ తవ్వి తవ్వి లోపల కాఫీలు తాగుతున్నారు. సాల్ ఒక్కడే పట్టు విడవకుండా జున్నుతో చర్చివైపు వెళ్తున్నాడు. అతని వీపు ఇటుంది. బెర్నీ గుండె దడదడలాడింది. పెళ్ళి వద్దనుకున్న రోజు కూడా అంత దడ లేదు. విగ్రహం దగ్గరకెళ్ళి, "స్వామీ, తప్పయితే నా మీద వెయ్యి, వీధి మీద వెయ్యకు," అని తాడు విప్పింది. ఆంథనీని జాగ్రత్తగా మంచుకుప్ప మీద పడుకోబెట్టింది. కుర్చీ వీపు పట్టుకుని ఎత్తింది.

ఎదురింట్లో కిటికీ ధనామని తెరుచుకుంది.

"మిస్ బెర్నీ! కుర్చీ కింద పెట్టండి!" లూథర్ గొంతు బస్సు హారన్‌లా మోగింది. "అయ్యయ్యో, కార్మెలా! నీ కుర్చీ!"

ఇంకో కిటికీ. ఒక తలుపు. సెలూన్లోంచి సగం రంగేసిన గోళ్ళతో ఆడవాళ్ళు. కార్మెలా తలుపు తెరుచుకుంది, లోపలినుంచి తిట్లు ముందొచ్చాయి, మనిషి వెనకొచ్చింది. బెర్నీ సంతోషం పట్టలేకపోయింది. వచ్చాయి, వచ్చాయి నా ముఖాలు! ఒక చేత్తో కుర్చీ ఎత్తి పట్టుకునే రెండో చెయ్యి కెమెరా మీదకి తీసుకెళ్ళి, మంచిచోటు కోసం ఒక అడుగు వెనక్కి వేసింది.

అక్కడ మంచు గడ్డకట్టి అద్దంలా ఉంది.

కుర్చీ ఒక పక్కకి ఎగిరింది. బెర్నీ కాళ్ళు ఇంకో పక్కకి ఎగిరాయి. వెల్లకిలా పడిన చప్పుడుకి సాల్ వెనక్కి తిరిగాడు. ఊపిరి ఒక్కసారిగా బయటికిపోయి మళ్ళీ లోపలికి రానంది. నేను బతికే ఉన్నానా అన్నది ఆమెకి రెండో ఆలోచన. కెమెరా బతికే ఉందా అన్నది మొదటిది. తడుముకుంది. బొడ్డు మీదే ఉంది, గాజుకన్ను ఆకాశం వైపు తెరుచుకుని. నడుం కింద సలుపు. కళ్ళు మూసుకుంది.

"...నా కుర్చీ ముట్టడానికి నీకెన్ని గుండెలే, దొంగముఖమా, నీ చేతులు..." అంటూ వస్తున్న కార్మెలా గొంతు మధ్యలో తెగిపోయింది.

తరవాత అడుగుల చప్పుడు. మంచులో కరకరమంటూ, జారుతూ, అన్ని వైపులనుంచీ. ఏదో బరువైనది నేలమీద పడి దొర్లుకుంటూ పోయింది. ఊపిరి మెల్లగా వెనక్కొచ్చింది. నేను బాగానే ఉన్నా అని చెబుదామని బెర్నీ కళ్ళు సన్నగా తెరిచింది.

పైన ముఖాలు. ఆకాశం చుట్టూ గుండ్రంగా ముఖాలు. లూథర్ మంచులో మోకాళ్ళమీద పడి ఉన్నాడు, చంకలో ఎందుకో ఆంథనీ. తుయెత్ కోటు విప్పేస్తోంది తనమీద కప్పడానికి. సాల్ భుజాన జున్ను లేదు. రెండు చేతులూ నెత్తిన పెట్టుకుని ఉన్నాడు, ముక్కు ఏ వైపునుంచి కనిపిస్తోందో అతనికి పట్టనే లేదు. అందరికన్నా దగ్గరగా కార్మెలా. తలనిండా జుట్టు చుట్టుకునే రోలర్లు. నోట్లో పళ్ళు లేవు. ఆ ఖాళీ నోరు తెరుచుకుని ఏడుస్తోంది.

"ఒసేయ్ బెర్నీ! లేవవే! కుర్చీ నీకే ఇచ్చేస్తానే, తీసుకోవే, లేచి తీసుకోవే! నేను నోరు మూసుకుంటానే! జన్మలో తెరవనే!"

చెప్పెయ్యాలి, నేను బాగున్నానని ఇప్పుడే చెప్పెయ్యాలి అనుకుంది బెర్నీ. నిజంగానే అనుకుంది. కానీ యాభై ఏళ్ళ వేలు ఆమె మాట ఎప్పుడు విన్నది కనక.

టక్.

ఏడుపులు ఆగాయి. లూథర్ తల మెల్లగా పక్కకి వంచాడు.

"చచ్చినవాళ్ళు ఫొటోలు తియ్యరు," అన్నాడు.

అందరూ బెర్నీ బొడ్డువైపు చూశారు. అక్కడ వేలు ఇంకా మీటమీదే ఉంది. బెర్నీ రెండు కళ్ళూ పూర్తిగా తెరిచింది. నవ్వబోయింది. నడుం కలుక్కుమని మూలిగింది.

కార్మెలా కోటు జేబులోంచి పళ్ళసెట్టు తీసి నోట్లో పెట్టుకుంది. ఆ పనవగానే లేచి నిలబడింది. "కుర్చీ ఇస్తానన్నానా? అన్లేదు. ఎవరైనా విన్నారా?" అంది చుట్టూ చూస్తూ. ఎవరూ విన్లేదన్నారు. "నా సెయింట్‌ని మంచులో పడుకోబెడతావా? నన్ను... నన్ను పళ్ళు లేకుండా... నువ్వు మనిషివేనా?"

"నా జున్ను!" అని సాల్ కేకపెట్టాడు. వీధి చివర లూథర్ కుక్క బో టైతో సహా జున్నులో తల దూర్చి ఉంది.

ఆ తరవాత ఎముకలేమీ విరగలేదని తేలాక ఆమెని లూథర్, సాల్ మోసుకెళ్ళి సోఫామీద పడుకోబెట్టారు. మోస్తున్నంతసేపూ తిట్టారు. తిట్టుకుంటూనే తుయెత్ పులుసు పంపింది. అందరూ వెళ్ళాక ఒక చెయ్యి గోడమీద, ఒక చెయ్యి నడుంమీద పెట్టుకుని, అడుగడుక్కీ అమ్మా అనుకుంటూ కింది గదిలోకి దిగింది. ఫిలిం కడిగింది. ఎర్రదీపం వెలుతురులో కాగితాన్ని మందునీళ్ళ పళ్ళెంలో వేసి ఊపింది.

మొదట కార్మెలా ఖాళీ నోరు వచ్చింది. తరవాత రోలర్లు. సాల్ చేతులు, లూథర్ తడికళ్ళు, తుయెత్ సగం విప్పిన కోటు. ఓ మూల ముక్కు లేని ఆంథనీ. ఒక్కరికి కూడా తాను ఎలా కనిపిస్తున్నాననే ధ్యాస లేదు. బెర్నీ పళ్ళెం అంచు పట్టుకుని నిలబడిపోయింది. ఇన్నేళ్ళుగా ఈ ముఖాల్లో కోపం చూసింది, కామం చూసింది, ఆకలి చూసింది. అవన్నీ వేరేవాళ్ళకోసం. ఇది తనకోసం. ఏడుపొచ్చింది, ఏడ్చింది. ఏడుస్తుంటే నడుం నొప్పిపుట్టి కార్మెలాని తిట్టుకుంది.

శుక్రవారం పొద్దున్న థియో ఫొటోని కిటికీ వెలుతురులోకి తీసుకెళ్ళి అటూ ఇటూ వంచి చూశాడు. చివరికి, "కాస్త మసగ్గా ఉందేమో," అన్నాడు.

"వాళ్ళు వణుకుతున్నారు నాయనా."

"మరి మీరు?"

"నేను కింద ఉన్నాను."

ప్రదర్శన రోజు వీధి మొత్తం సూట్లు వేసుకుని వచ్చింది. ఒక్కరూ బెర్నీతో మాట్లాడలేదు. కుర్చీ ముట్టినదాన్ని అంత తొందరగా క్షమిస్తే వీధికి ఇంక పద్ధతేముంటుంది? ముందు గదుల్లో తమ పాత ఫొటోలు చూసుకుని గుసగుసలాడుకుంటూ, ఏ బొజ్జ ఎవరిదో పందేలు కాసుకుంటూ, చివరి గోడ దగ్గరకొచ్చారు.

ఆ ఫొటో గోడంత ఉంది. దాని ముందు నిలబడితే పైనుంచి వాళ్ళందరూ నీ మీదకి వంగి చూస్తారు. ముక్కూ మొహం తెలియని జనం వచ్చి అక్కడ నిలబడి, కదలడం లేదు. ఖరీదైన కోటు వేసుకున్న ఒక పెద్దాయన తల ఎత్తి అలాగే చూస్తూ జేబురుమాలు తీశాడు.

"ఏమైందండీ?" అంది కార్మెలా ఊరుకోలేక.

"ఏం లేదమ్మా. నేను పడితే ఇంతమంది వస్తారా అని."

కార్మెలా ఆయన్ని ఎగాదిగా చూసింది. "మా వీధిలో పడండి, చూద్దాం. కానీ కుర్చీలు ముట్టకండి," అంది. తరవాత ఫొటోలోని తన నోటివైపు చూసుకుంది. చూసి చూసి గట్టిగా చీదింది. "ఇందులో కూడా నోరు తెరుచుకునే ఉన్నాను," అని గొణిగింది. బెర్నీ వైపు చూడలేదు కానీ చేతిసంచీ కాస్త జరిపి పక్కన నిలబడటానికి చోటిచ్చింది.

మర్నాటినుంచి వీధి మామూలైపోయింది. బెర్నీ కోసం ముత్యాలేంటి, ఆమె ముఖానికి చెవిలో వేలు చాలన్నాడు లూథర్. సాల్ ఇంకెప్పుడూ జున్ను బయటికి తేలేదు. తుయెత్ బృందం నవ్వులు మానేసింది. ఎవరూ ఆమెని పట్టించుకోలేదు. బెర్నీ తలగడ వేసుకుని మెట్లమీద కూర్చుని పొద్దస్తమానం టక్ టక్‌మనిపించింది.

ఫిబ్రవరిలో మళ్ళీ మంచు పడింది. పొద్దున్న తలుపు తీసేసరికి బెర్నీ మెట్లనుంచి రోడ్డుదాకా ఎవరో శుభ్రంగా తవ్వి ఉప్పు చల్లారు. రోడ్డు మీద ఆమె గుమ్మానికి ఎదురుగా కారు పట్టేంత చోటు ఖాళీగా ఉంది. బెర్నీకి కారు లేదు, ఎప్పుడూ లేదు. ఆ చోటు మధ్యలో వంటింటి కుర్చీ ఉంది. కుర్చీలో సెయింట్ ఆంథనీ లేడు. తాడుతో కట్టిన దిండు ఉంది.

కార్మెలా పక్కమెట్ల మీద పార పట్టుకుని రొప్పుతోంది. తలకి రోలర్లు, నోట్లో పళ్ళు లేవు.

"ఇదెవరి కారుకే?" అంది బెర్నీ.

"కారుకి కాదే, నీ ఎముకలకి. అక్కడ కూర్చుని తీసుకో ఏం తీసుకుంటావో. అది నీ చోటు. ఎవడైనా ముడితే వాడి పని నేను చూస్తా." పార ఎత్తి చూపించింది. "చూస్తావేం, ఆ మొహమేంటి? దిగి కూర్చో, చలేస్తోంది!"

బెర్నీ కమ్మీ పట్టుకుని ఒక్కో మెట్టూ దిగి, వెళ్ళి కుర్చీలో కూర్చుంది. కళ్ళు మసకబారి ఏమీ కనపడలేదు. ఫరవాలేదు, ఆమెకి ఎప్పుడూ కళ్ళతో పనిలేదు. కార్మెలా తిడుతూనే ఉంది, బెర్నీ చేతులు రెండూ బొడ్డు మీదకి చేరాయి.